విండోస్ నిర్వాహక ఖాతా

నిర్వాహక ఖాతా లేదా అడ్మినిస్ట్రేటర్ ఖాతా అనగా మైక్రోసాఫ్ట్ విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటరులో ఇతర ఖాతాలను, ప్రోగ్రాములను, భద్రతా అమరికలను మార్చగల అధికారం ఉన్న వాడుకరి ఖాతా. ఇంటి కంప్యూటరులో సాధారణంగా మొదట సృష్టించిన ఖాతాయే నిర్వాహక ఖాతా అవుతుంది. అయినప్పటికీ ఆ ఖాతాతో ప్రవేశించిన వాడుకరికే 'యాక్సెస్ డినైడ్', అనగా అనుమతి నిరాకరించబడినది, అనే సందేశం ఎదురుకావడం సర్వసాధారణం. ఇది కంప్యూటరు చెడిపోయినదనడానికి గుర్తు కాదు. నిర్వాహకుడై ఉండడం, ఆ అధికారాన్ని ఆ క్షణంలో వినియోగిస్తూ ఉండడం, ఒక దస్త్రానికి యజమాని కావడం, ఆ దస్త్రాన్ని తెరిచే అనుమతి కలిగి ఉండడం - ఈ నాలుగూ విండోస్‌లో వేర్వేరు విషయాలు. వీటిలో ఏది లోపించినదో తెలుసుకోకుండా అనుమతులన్నింటినీ ఒకేసారి మార్చివేస్తే చిన్న ఆటంకం పెద్ద నష్టంగా పరిణమించవచ్చు.

చరిత్ర

విండోస్ 95, విండోస్ 98, విండోస్ ఎంఈ లలో నిజమైన అధికార భేదం లేదు. ప్రవేశ సమయంలో పేరు, సంకేతపదం అడిగినా, ఆ పెట్టెను రద్దు చేసి లోపలికి వెళ్ళడానికి వీలుండేది. కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివారికీ అన్ని దస్త్రాలూ అందుబాటులో ఉండేవి.

1993 జూలైలో విడుదలైన విండోస్ ఎన్‌టీ 3.1 కార్యాలయాల కోసం రూపొందినది. ఖాతాలు, సమూహాలు, దస్త్రాల వారీ అనుమతులు, వాటిని భద్రపరచే ఎన్‌టీఎఫ్ఎస్ అనే దస్త్ర వ్యవస్థ దీనితోనే వచ్చాయి. ఈ వరుసకు చెందిన విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న విడుదలై, కార్యాలయాలకే పరిమితమైన ఈ ఏర్పాటును ఇళ్ళలోకి తెచ్చినది. కానీ ఎక్స్‌పీని స్థాపించేటప్పుడు సృష్టించిన ఖాతాలన్నీ నిర్వాహక ఖాతాలుగానే ఏర్పడేవి. అందువలన వాడుకరి నడిపే ప్రతి ప్రోగ్రాముకూ, తెలియక తెరిచిన వైరస్‌కు సైతం, పూర్తి అధికారం లభించేది.

పరిమిత ఖాతాతో పనిచేయడం ఆనాడు అంత సులభం కాదు. తెలుగు వాడుకరులకు ఇది బాగా అనుభవంలో ఉన్న విషయమే. ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు సరిగా కనిపించాలంటే 'రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్' లోనికి వెళ్ళి సంక్లిష్ట లిపుల దస్త్రాలను స్థాపించవలసి వచ్చేది. దానికి నిర్వాహక అధికారం అవసరం. తరచుగా ఎక్స్‌పీ సీడీ కూడా కావలసి వచ్చేది. అంతర్జాల కేంద్రాలలోనో, కళాశాల ప్రయోగశాలలలోనో పరిమిత ఖాతాతో పనిచేసేవారు ఈ పని చేయలేకపోయేవారు. కొత్త ఫాంటును చేర్చడానికి కూడా ఇదే ఇబ్బంది ఉండేది. 2018లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 నుండి వాడుకరి తన ఖాతా వరకు మాత్రమే ఫాంటును స్థాపించుకునే సౌకర్యం కలిగినది.

2007 జనవరి 30న సామాన్య వినియోగదారులకు విడుదలైన విండోస్ విస్టా ఈ పరిస్థితిని మార్చినది. నిర్వాహకుడు సైతం సాధారణ అధికారంతోనే పనిచేస్తూ, అవసరమైనప్పుడు మాత్రమే అంగీకారం తెలిపి పూర్తి అధికారం పొందే 'యూజర్ అకౌంట్ కంట్రోల్' అనే పద్ధతి దీనిలో ప్రవేశపెట్టబడినది. దీనినే క్లుప్తంగా యూఏసీ అంటారు. విస్టా మాటిమాటికీ అనుమతి అడుగుతున్నదన్న విమర్శ రావడంతో 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7లో ఈ హెచ్చరికలను నాలుగు స్థాయిలలో అమర్చుకునే వీలు కల్పించారు. విండోస్ 8, 10, 11 లలో కూడా ఇదే ఏర్పాటు కొనసాగినది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసినది.

అధికారం పనిచేసే విధానం

గుర్తింపు సంఖ్య

విండోస్ మనుషుల పేర్లను గుర్తుంచుకోదు. ప్రతి ఖాతాకూ 'ఎస్-1-5-21' తో మొదలయ్యే ఒక పొడవైన భద్రతా గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒక ఖాతాను తొలగించి, అదే పేరుతో, అదే సంకేతపదంతో మరల సృష్టించినా కొత్త సంఖ్యే వస్తుంది. పాత ఖాతాకు ఇచ్చిన అనుమతులు కొత్త ఖాతాకు సంక్రమించవు. విండోస్‌తో పాటే వచ్చే అంతర్నిర్మిత అడ్మినిస్ట్రేటర్ ఖాతా సంఖ్య చివర ఎల్లప్పుడూ 500 ఉంటుంది. నిర్వాహకుల సమూహానికి మాత్రం అన్ని కంప్యూటర్లలోనూ ఎస్-1-5-32-544 అనే ఒకే సంఖ్య ఉంటుంది.

అనుమతుల పట్టిక

ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కుపై ఉన్న ప్రతి దస్త్రానికీ, ప్రతి ఫోల్డరుకూ ఒక అనుమతుల పట్టిక ఉంటుంది. ఏ గుర్తింపు సంఖ్య గలవారు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు, ఎవరికి పూర్తి నియంత్రణ ఉంది, ఎవరికి నిరాకరించాలి అనే వివరాలు అందులో ఉంటాయి. లోపలి దస్త్రాలు సాధారణంగా పై ఫోల్డరు అనుమతులను వారసత్వంగా పొందుతాయి. ఒకే దస్త్రానికి నేరుగా ఇచ్చిన అనుమతి, నేరుగా ఇచ్చిన నిరాకరణ రెండూ ఉన్నపుడు నిరాకరణదే పైచేయి.

దస్త్రాన్ని నకలు తీసినపుడు ఆ నకలు చేరిన ఫోల్డరు అనుమతులను పొందుతుంది. అదే డిస్కు విభాగంలో ఒకచోట నుండి మరొకచోటికి తరలించినపుడు మాత్రం సాధారణంగా పాత అనుమతులే దాని వెంట వెళ్తాయి. ఒకే ఫోల్డరులో కొన్ని ఫోటోలు తెరుచుకొని, మరికొన్ని తెరుచుకోకపోవడానికి ఇది ఒక కారణం.

యాజమాన్యం

ప్రతి దస్త్రానికీ ఒక యజమాని ఉంటాడు. యజమానికి దస్త్రాన్ని చదివే అనుమతి లేకపోయినా, ఆ అనుమతిని తనకు తానే ఇచ్చుకునే హక్కు ఉంటుంది. పొలం కౌలుకిచ్చిన పట్టాదారు ఆ పొలం దున్నకపోయినా, ఎవరు దున్నాలో నిర్ణయించే హక్కు అతనిదే అయినట్లుగా దీనిని అర్థం చేసుకొనవచ్చు. నిర్వాహకునికి ఉన్న విశేషాధికారం ఏమిటంటే, ఇతరుల దస్త్రాల యాజమాన్యాన్ని తాను స్వీకరించగలడు. అంటే నిర్వాహకునికి అన్ని తలుపులూ తెరిచి ఉండవు. తలుపులు తెరిపించుకునే మార్గం ఉంటుంది.

రెండు టోకెన్లు

వాడుకరి ప్రవేశించినపుడు అతని గుర్తింపును, అధికారాలను తెలిపే టోకెన్‌ను విండోస్ తయారు చేస్తుంది. యూఏసీ అమలులో ఉన్నపుడు నిర్వాహకునికి రెండు టోకెన్లు తయారవుతాయి: ఒకటి పూర్తి అధికారం గలది, రెండవది ముఖ్యమైన అధికారాలను తీసివేసినది. డెస్క్‌టాప్, ఫోల్డర్లను చూపే ఎక్స్‌ప్లోరరు, దాని నుండి ప్రారంభించే ప్రోగ్రాములు అన్నీ రెండవ టోకెన్‌తోనే నడుస్తాయి. 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని ఎంచుకొని అంగీకారం తెలిపినపుడే, ఆ ఒక్క ప్రోగ్రాముకు మొదటి టోకెన్ లభిస్తుంది. ఇలా పూర్తి అధికారంతో నడుస్తున్న కిటికీలోనికి ఎక్స్‌ప్లోరరు నుండి దస్త్రాన్ని లాగి వదలడం పనిచేయకపోవడం కూడా ఈ విభజన ఫలితమే.

అంతర్నిర్మిత అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు సాధారణంగా ఈ విభజన వర్తించదు. అందువలననే విస్టా నుండి ఆ ఖాతాను నిలిపివేసి ఉంచుతున్నారు.

సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

అనుమతి సమస్య ఎదురైనపుడు ముందుగా సందేశాన్ని పూర్తిగా చదవాలి. తరువాత కింది క్రమంలో పరిశీలించడం మేలు.

1. ఖాతా నిజంగా నిర్వాహక ఖాతాయేనా? కంట్రోల్ ప్యానెల్‌లోని 'యూజర్ అకౌంట్స్' లో, లేదా విండోస్ 10, 11 లలో సెట్టింగ్స్‌లోని 'అకౌంట్స్' విభాగంలో, పేరు కింద 'అడ్మినిస్ట్రేటర్' అని ఉన్నదేమో చూడాలి. లేకపోతే అది సాధారణ ఖాతా. మరొక నిర్వాహక ఖాతాతో ప్రవేశించి దాని రకాన్ని మార్చవలసి ఉంటుంది. మార్పు అమలులోకి రావాలంటే ఆ వాడుకరి ఒకసారి నిష్క్రమించి మరల ప్రవేశించాలి, ఎందుకనగా టోకెన్ ప్రవేశ సమయంలోనే తయారవుతుంది.

2. ప్రోగ్రాము పూర్తి అధికారంతో నడుస్తున్నదా? పాత ప్రోగ్రాములు కొన్ని తమ దస్త్రాలను 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డరులోనే రాయడానికి ప్రయత్నిస్తాయి. విస్టా నుండి ఈ ఫోల్డరులో రాయడానికి సాధారణ టోకెన్ చాలదు. ప్రోగ్రాము గుర్తుపై కుడి మీట నొక్కి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకుంటే పని జరిగినచో కారణం ఇదేనని తేలుతుంది. శాశ్వత పరిష్కారం మాత్రం ఆ ప్రోగ్రాము కొత్త వెర్షన్‌ను వాడడం, లేదా దాని దస్త్రాలను 'డాక్యుమెంట్స్' లో భద్రపరచేలా అమర్చుకోవడం. కొన్ని 32 బిట్ల ప్రోగ్రాములు అలా రాసిన దస్త్రాలను విండోస్ నిశ్శబ్దంగా వాడుకరి ఖాతాలోని 'వర్చువల్ స్టోర్' అనే ఫోల్డరుకు మళ్ళిస్తుంది. భద్రపరచిన దస్త్రం మాయమైనట్లు కనిపించినపుడు అక్కడ వెదకాలి.

3. అంగీకారం ఎవరి పేరుతో ఇచ్చారు? సాధారణ ఖాతాలో ఉన్నవారు నిర్వాహకుని సంకేతపదం ఇచ్చి ప్రోగ్రామును నడిపితే, అది ఆ నిర్వాహకుని ఖాతా కింద నడుస్తుంది. అందువలన దాని అమరికలు, దస్త్రాలు నిర్వాహకుని ఫోల్డర్లలో చేరవచ్చు. పిల్లల ఖాతాలో స్థాపించిన ప్రోగ్రాము తండ్రి ఖాతాలో కనిపించడానికి కారణం తరచుగా ఇదే.

4. దస్త్రం పాత కంప్యూటరు నుండి వచ్చినదా? పాత హార్డ్ డిస్కును కొత్త కంప్యూటరుకు తగిలించినపుడు, లేదా విండోస్‌ను మరల స్థాపించినపుడు, దస్త్రాల పట్టికలో పాత గుర్తింపు సంఖ్యలే మిగిలి ఉంటాయి. కొత్త విండోస్‌కు అవి ఎవరివో తెలియదు గనుక 'అన్‌నోన్ అకౌంట్' అని చూపుతుంది. ఫోల్డరును తెరవబోయినపుడు వచ్చే సందేశంలో 'కంటిన్యూ' నొక్కితే, ప్రస్తుత వాడుకరి పేరును ఆ ఫోల్డరు పట్టికలో శాశ్వతంగా చేర్చే ప్రయత్నం జరుగుతుంది. అది చాలకపోతే ఫోల్డరు 'ప్రాపర్టీస్' లో 'సెక్యూరిటీ', తరువాత 'అడ్వాన్స్‌డ్' తెరిచి, 'ఓనర్' ఎదురుగా ఉన్న 'చేంజ్' ద్వారా యాజమాన్యం స్వీకరించి, ఆపై తన ఖాతాకు అనుమతి ఇచ్చుకోవాలి. ఈ పనిని సొంత దస్త్రాలున్న ఫోల్డరు వరకే పరిమితం చేయాలి.

5. దస్త్రం గుప్తీకరించబడినదా? విండోస్ 2000తో వచ్చిన ఈఎఫ్ఎస్ అనే పద్ధతిలో గుప్తీకరించిన దస్త్రాలను యాజమాన్యం మార్చినంత మాత్రాన చదవలేము. వాటిని తెరిచే తాళంచెవి పాత ఖాతాతో ముడిపడి ఉంటుంది. పాత ధ్రువపత్రం నకలు లేనిదే ఆ దస్త్రాలను తిరిగి పొందడం సాధారణంగా సాధ్యపడదు.

6. వేరే రక్షణ అడ్డుకుంటున్నదా? 2017లో విండోస్ 10 వెర్షన్ 1709తో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అనే రక్షణ వచ్చినది. దీనిని వాడుకరి ప్రారంభించి ఉంటే, నమ్మకమైనదిగా గుర్తించని ప్రోగ్రాము 'డాక్యుమెంట్స్', 'పిక్చర్స్' వంటి ఫోల్డర్లలో రాయలేదు. అప్పుడు అనుమతుల పట్టికను ఎంత మార్చినా ఫలితం ఉండదు. విండోస్ సెక్యూరిటీలో ఆ ప్రోగ్రామును అనుమతించాలి.

7. అసలు ఇది అనుమతి సమస్యేనా? దస్త్రాన్ని మరొక ప్రోగ్రాము వాడుతున్నపుడు కూడా తొలగించడం సాధ్యపడదు. కంప్యూటరును ఒకసారి ఆపి తిరిగి ప్రారంభిస్తే ఇటువంటి ఆటంకం తరచుగా తొలగిపోతుంది. ఎఫ్ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉన్న పెన్ డ్రైవులపై విండోస్ అనుమతుల పట్టికలను భద్రపరచదు. వాటి 'ప్రాపర్టీస్' లో 'సెక్యూరిటీ' విభాగమే కనిపించదు. అక్కడ రాయలేకపోతే పరికరం లోపాన్నో, మెమరీ కార్డు పక్కనున్న రక్షణ మీటనో అనుమానించాలి.

లోపం కాని నిరాకరణలు

కొన్ని నిరాకరణలు విండోస్ రూపకర్తలు ఉద్దేశపూర్వకంగా ఏర్పరచినవి. వీటిని సరిచేయబూనడం పొరపాటు.

* డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్: విస్టా నుండి ఇది నిజమైన ఫోల్డరు కాదు. పాత ప్రోగ్రాముల సౌకర్యార్థం 'యూజర్స్' ఫోల్డరుకు దారి చూపే గుర్తు మాత్రమే. తెరవబోతే అనుమతి నిరాకరించబడుతుంది. లోపల ఏదో దాచబడి ఉందని భావించి అనుమతులు మార్చనవసరం లేదు.
* సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్: సిస్టమ్ పునరుద్ధరణ సమాచారం ఉండే ఫోల్డరు. దీనిలోనికి సాధారణంగా సిస్టమ్ ఖాతాకు మాత్రమే ప్రవేశం ఉంటుంది.
* విండోస్ సొంత దస్త్రాలు: విస్టా నుండి వీటిలో ముఖ్యమైనవాటి యజమాని 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్' అనే సేవ. నిర్వాహకుడు సైతం వీటిని నేరుగా మార్చలేడు. విండోస్ నవీకరణలు ఈ సేవ ద్వారానే జరుగుతాయి.

నిర్వాహక ఖాతా మిగలనపుడు

కంప్యూటరులో పనిచేసే నిర్వాహక ఖాతా ఒక్కటి కూడా లేకపోతే, యూఏసీ పెట్టెలో సంకేతపదం రాసే గడి కనిపించదు, 'ఎస్' మీట కూడా పనిచేయదు. ఉన్న ఏకైక నిర్వాహక ఖాతాను పొరపాటున నిలిపివేసినపుడో, సాధారణ ఖాతాగా మార్చినపుడో ఈ స్థితి ఏర్పడుతుంది. ఇటువంటి విపత్తు కోసం విస్టాలో ఒక వెసులుబాటు కల్పించారు: వేరే నిర్వాహక ఖాతా ఏదీ మిగలని ఇంటి కంప్యూటరును సేఫ్ మోడ్‌లో ప్రారంభిస్తే, నిలిపివేసి ఉన్న అంతర్నిర్మిత అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో ప్రవేశించవచ్చు. అది సాధ్యం కానపుడు సొంత దస్త్రాలను వేరే డిస్కుకు నకలు తీసుకొని విండోస్‌ను పునఃస్థాపించడమే సురక్షితం.

డిస్కు బిట్‌లాకర్‌తో లేదా పరికర గుప్తీకరణతో రక్షించబడి ఉంటే, మరమ్మతు పనులకు 48 అంకెల పునరుద్ధరణ తాళం అవసరం కావచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో అమర్చిన ఇంటి కంప్యూటర్లలో ఇది సాధారణంగా ఆ ఖాతాలో భద్రపరచబడి ఉంటుంది. మరమ్మతు ప్రారంభించక మునుపే దానిని కాగితంపై రాసి ఉంచుకోవాలి.

కంప్యూటరులోనే ఉండే స్థానిక ఖాతా సంకేతపదాన్ని ఆ వాడుకరి తానే మార్చుకోవడానికి, నిర్వాహకుడు బయటి నుండి మార్చడానికి భేదం ఉంది. నిర్వాహకుడు మార్చినపుడు ఆ వాడుకరి ఈఎఫ్ఎస్‌తో గుప్తీకరించిన దస్త్రాలు, విండోస్‌లో దాచుకున్న సంకేతపదాలు అందకుండా పోవచ్చు. విండోస్ ఈ విషయమై హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను చదవకుండా ముందుకు సాగరాదు.

చేయకూడని పనులు

* సీ డ్రైవు మొత్తానికి యాజమాన్యం స్వీకరించడం, లేదా అందరికీ పూర్తి నియంత్రణ ఇవ్వడం. వేలాది దస్త్రాలకు ఒక్కొక్కదానికీ తగిన అనుమతులు ఉంటాయి. ఒకసారి చెరిపివేస్తే వాటిని యథాస్థితికి తేవడం దాదాపు అసాధ్యం. నవీకరణలు నిలిచిపోవచ్చు, కొన్ని సేవలు ప్రారంభం కాకపోవచ్చు, ఒకరి దస్త్రాలు మరొకరికి బట్టబయలు కావచ్చు.
* 'ఎవ్రీవన్' సమూహానికి నిరాకరణ విధించడం. ఈ సమూహంలో నిర్వాహకుడు కూడా ఉంటాడు. ఇతరులను ఆపబోయి తనను తానే ఆపుకున్నట్లవుతుంది.
* యూఏసీని పూర్తిగా తొలగించడం. దీనివలన ప్రతి ప్రోగ్రాముకూ అడగకుండానే పూర్తి అధికారం లభిస్తుంది. విండోస్ 8లో ఇలా చేస్తే స్టోర్ నుండి తెచ్చుకున్న ప్రోగ్రాములు తెరుచుకోవు.
* అంతర్నిర్మిత అడ్మినిస్ట్రేటర్ ఖాతాను నిత్యం వాడడం. అనుమతి సందేశాలు తగ్గినంత మాత్రాన కారణం తొలగినట్లు కాదు.

ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లలో

యూనిక్స్ సంప్రదాయంలో 'రూట్' అనే ఖాతాకు సర్వాధికారాలు ఉంటాయి; దాని సంఖ్య 0. సాధారణ ఖాతాలో ఉంటూనే ఒక్క ఆదేశానికి మాత్రం ఆ అధికారం పొందే 'సుడో' అనే సాధనాన్ని 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫలో విశ్వవిద్యాలయంలో బాబ్ కాగెషాల్, క్లిఫ్ స్పెన్సర్ రూపొందించారు. 2004లో మొదలైన ఉబుంటు లినక్స్‌లో రూట్ ఖాతాతో నేరుగా ప్రవేశించే వీలును మొదటినుండీ మూసివేసి, సుడోనే వాడుతున్నారు. మ్యాక్ కంప్యూటర్లలో కూడా రూట్ ఖాతా నిలిపివేయబడి ఉంటుంది.

వీటన్నింటికీ ఆధారమైన సూత్రాన్ని 'కనీస అధికార సూత్రం' అంటారు. ప్రతి ప్రోగ్రామూ, ప్రతి వాడుకరీ తమ పనికి అవసరమైనంత అధికారంతోనే పనిచేయాలని దీని సారాంశం. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో దీనిని భద్రతా రూపకల్పన సూత్రాలలో ఒకటిగా వివరించారు.

ఇంటి కంప్యూటరుకు అనువైన ఏర్పాటు

ఒకే కంప్యూటరును కుటుంబమంతా వాడే ఇళ్ళలో కింది ఏర్పాటు చాలా సమస్యలను ముందుగానే నివారిస్తుంది.

* రెండు నిర్వాహక ఖాతాలు ఉంచుకోవాలి. రెండవదానిని నిత్యం వాడక, అత్యవసరానికి మాత్రమే కేటాయించాలి. ఒకటి చెడినా, దాని సంకేతపదం మరచినా రెండవది ఆదుకుంటుంది.
* నిత్యకృత్యాలకు పెద్దలతో సహా అందరూ సాధారణ ఖాతాలు వాడాలి. అంతర్జాల విహరణకు, ఉత్తరాలు రాయడానికి, చదువుకోవడానికి నిర్వాహక అధికారం అవసరం లేదు.
* కుటుంబ సభ్యులందరూ పంచుకోవలసిన దస్త్రాలను 'పబ్లిక్' ఫోల్డరులో ఉంచాలి. దానికోసం ఒకరి ఫోల్డరు అనుమతులు మరొకరికి తెరవనవసరం లేదు.
* అనుమతులు మార్చే ముందు దస్త్రాల నకలు వేరే డిస్కుపై తీసుకోవాలి. ఏ ఫోల్డరుకు, ఏ ఖాతాకు, ఏ అనుమతి మార్చారో రాసి పెట్టుకోవాలి. మార్పు ఫలించకపోతే వెనుకకు రావడానికి ఆ రాతే ఆధారం.
* కోరని సమయంలో యూఏసీ పెట్టె ప్రత్యక్షమైతే 'నో' నొక్కాలి. వాడుకరి తాను ప్రారంభించిన పనికి మాత్రమే అంగీకారం తెలపాలి.